నేరేడురంగు కారు మీద బూడిద మచ్చ

అనగా అనగా కొండల అవతల కొండలు, ఆ కొండల అవతల నెమలికొండ అని ఒక చిన్న సంస్థానం. ఆ సంస్థానానికి ఒక కోట. ఆ కోటకు ఒక రాజు. ఆ రాజుగారికి ఒక కారు.

అది మామూలు కారు కాదు. సీమ నుంచి ఓడ మీద వచ్చిన కారు. ముక్కు పొడుగు, నడుము వెడల్పు, లోపల ఏనుగు బలమున్న ఇంజను. తాళం తిప్పితే పులి గొంతు సవరించుకున్నట్టు ఉండేది. ఆ చప్పుడుకి బురుజుల మీది పావురాలన్నీ ఒక్కసారే లేచేవి.

పెద్ద రాజావారికి ఆ కారంటే ప్రాణం. ఓడ దిగినప్పుడు దాని రంగు ఆయనకు నచ్చలేదు. నిగనిగలాడే నేరేడుపండు రంగు కావాలన్నారు. నలభై రోజులు దగ్గర నిలబడి పూత మీద పూత వేయించుకున్నారు. ఆ రంగు కలిపిన ముసలాయన దాని పాళ్ళు ఎవరికీ చెప్పకుండానే కన్నుమూశాడు.

తరువాత పెద్ద రాజావారు మంచం పట్టారు. కారు రేకుల షెడ్డులో ఆరేళ్ళు కదలకుండా ఉండిపోయింది. దుమ్ము పేరుకుంది. వాన జల్లు కొట్టింది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడి కాల్చింది. నేరేడుపండుకు సున్నం రాసినట్టు తెల్లటి పొర కమ్మేసింది. పెద్ద రాజావారు పోయేనాటికి ఆ కారు ఏ రంగో చెప్పడమే కష్టమైంది.

ఆయన కొడుకు విజయగోపాల భూపతికి పట్టాభిషేకం ముహూర్తం పెట్టారు. ఇక పదకొండు రోజులే ఉంది. కొత్త రాజు దివాను అనంత పంతులుగారిని పిలిపించి, ఆ రోజు తండ్రిగారి కారులోనే ఊరేగుతానని చెప్పాడు. కారు మునుపటిలా మెరవాలి. కానీ పాత రంగు పోకూడదు, పైన కొత్త రంగు పడకూడదు.

"అది మా నాన్నగారు నిలబడి వేయించిన రంగు. అందులో గోరంత పోయినా సరే, పోగొట్టినవాళ్ళు మళ్ళీ ఈ కోట గడప తొక్కకూడదు," అన్నాడు.

ఆ మాట విని దివానుగారికి గుండెల్లో రాయి పడింది. ఆయన ఆ షరతు కూడా చెప్పి దండోరా వేయించాడు. రెండు రోజుల్లో ముగ్గురు పనివాళ్ళు వచ్చారు.

మొదటివాడు కామేశం. కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఇదంతా చచ్చిన రంగు, గీకి పారేసి కొత్తది వేస్తే అద్దంలా చేస్తానన్నాడు. రాజు తల అడ్డంగా ఊపాడు. కామేశం వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

రెండోవాడు పట్నం నుంచి వచ్చిన వరహాలశెట్టి. గొర్రె ఉన్ని తొడిగిన కరెంటు చక్రం ఒకటి వెంట తెచ్చుకున్నాడు. అది నిమిషానికి వేయి చుట్లు తిరుగుతుందని, ఒక్క పూటలో కారు మొత్తం మెరుగు పెట్టేస్తానని చెప్పాడు. దివానుగారి ముఖం వెలిగింది.

మూడో మనిషి నూకాలు. కోట వెనక రంగులవాళ్ళ వీధిలో ఉండేది. మామగారి దగ్గర పని నేర్చుకుని, ఇరవై ఏళ్ళుగా కోట పల్లకీలకు, తలుపులకు రంగులు వేస్తున్న మనిషి. ఆమె ఏమీ చెప్పలేదు. వెనక చక్రం పైన జానెడు చోటు కుంకుడురసంతో కడిగింది. మెత్తటి గుడ్డతో తుడిచింది. వస్త్రగాళితం పట్టిన సుద్దపొడిని నూనెలో కలిపి, పాత నేతగుడ్డకు అద్ది, అన్నం ఉడికేంతసేపు గుండ్రంగా గుండ్రంగా రుద్దింది.

తెల్లపొర కింద నుంచి నేరేడుపండు బయటికి వచ్చింది. రాజు వంగి చూశాడు. అందులో ఆయన ముఖం కనిపించింది. నడుం ఎత్తి దివానుగారి వైపు తిరిగాడు. తరువాత, ఈమె చేతిపనే జరగనీయండి అని వెళ్ళిపోయాడు.

దివానుగారు మాత్రం వరహాలశెట్టిని పంపెయ్యలేదు. ఎందుకైనా మంచిదని సత్రంలో ఉంచాడు.

పని మొదలైంది. నూకాలు చూపు కారు మీద కంటే గుడ్డ మీదే ఎక్కువ ఉండేది. గుడ్డకు ముందు తెలుపు అంటుతుంది. అది చచ్చిన పొర. తరువాత నేరేడు చాయ అంటుతుంది. అక్కడ చెయ్యి ఆపాలి. ఆపకపోతే బూడిదరంగు అంటుతుంది. అది అడుగుపూత. అడుగుపూత కనిపించిందంటే పైన రంగు లేనట్టే.

రాళ్ళు తగిలి రంగు ఎగిరిన చుక్కలు కారు మీద అక్కడక్కడా ఉన్నాయి. వాటిని మాత్రం నింపడానికి రాజు ఒప్పుకున్నాడు. ఆమె మూడు పూటలు కూర్చుని, ఆ పాత నేరేడు చాయకు సరిపోయే రంగు చిన్న డబ్బాలో కలిపి పెట్టుకుంది.

అయిదు రోజుల్లో కారు కుడివైపంతా, వెనక భాగమంతా మెరిసింది. ఎడమవైపు, ఇంజను మీది ముందు మూత మిగిలాయి. రోజులు నాలుగే మిగిలాయి. దివానుగారు పూటకు మూడుసార్లు వచ్చి చూసిపోయేవాడు. వచ్చిన ప్రతిసారీ ఎంతవరకు వచ్చిందని అడిగేవాడు. అడిగిన ప్రతిసారీ నూకాలు చెయ్యి కాస్త తొందరపడేది.

ఆరో రోజు పొద్దున ఆయన వచ్చి, ఇలా అయితే లాభం లేదన్నాడు. మర్నాడు వరహాలశెట్టి వచ్చి ముందు మూత, ఎడమవైపు చక్రంతో పూర్తి చేస్తాడని చెప్పాడు.

ఆ మధ్యాహ్నమే అది జరిగింది. నూకాలు ఎడమ తలుపు మీద రుద్దుతోంది. కుడివైపు ఎన్ని చుట్లు రుద్దిందో ఇక్కడ అందులో సగం కూడా రుద్దలేదు. గుడ్డ తిప్పి చూసుకుంది.

గుడ్డకు బూడిదరంగు అంటింది.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. తలుపు మీద అరచేతి వెడల్పున బూడిద మచ్చ. పైన నేరేడు రంగు లేదు. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. తడిగుడ్డ తీసి ఆ చోటు మీద ఆరేసినట్టు వేసి, తలనొప్పిగా ఉందని కావలివాడితో చెప్పి ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంటి దగ్గర భర్త అప్పన్న ఉన్నాడు. పల్లకీ మోసి మోసి కుడిభుజం పడిపోయిన మనిషి. నూకాలు ముఖం చూడగానే ఏదో జరిగిందని పోల్చుకున్నాడు. ఆమె చెప్పింది. ఈ వయసులో కోట పని పోతే తామెక్కడికి పోతామన్నాడు. కలిపిన రంగు చేతిలో ఉండగా భయమెందుకన్నాడు.

"అరచెయ్యంత చోటు. నువ్వు పూస్తే దేవుడు కూడా పోల్చలేడు. పుయ్యవే నూకాలూ," అన్నాడు.

అతను చెడ్డవాడు కాదు. భయపడ్డాడు, అంతే. నూకాలుకూ అదే భయం.

మర్నాడు తెల్లవారగానే షెడ్డుకు వెళ్ళింది. డబ్బా మూత తీసింది. రెండుసార్లు తీసి రెండుసార్లు పెట్టేసింది. మూడోసారి కుంచె ముంచింది. మచ్చ మీద పలుచగా పూసింది. చుట్టూ ఉన్న రంగులోకి కలిపేసింది. వెనక్కి జరిగి చూసింది. మచ్చ ఎక్కడుందో ఆమెకే తెలియలేదు.

తప్పించుకున్నానని ఊపిరి పీల్చుకోబోయింది. అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. ఇక్కడ రంగు ఇంత పలుచన ఎందుకైంది?

తల తిప్పి చూసింది. షెడ్డు పడమటివైపు గోడ లేదు. కారు ఎడమవైపు అటే ఉంది. ఆరేళ్ళ సాయంత్రపు ఎండ ఆ వైపంతా పడింది, ముందు మూత మీదా పడింది. తలుపు మీద రంగు ఎంత పలుచనో ముందు మూత మీదా అంతే పలుచన. ఆ చక్రం దాని మీద తిరిగితే ఇక ఏమీ మిగలదు.

అప్పుడే వరహాలశెట్టి వచ్చాడు. వెనక దివానుగారు వచ్చాడు. చక్రాన్ని తెచ్చి ముందు మూత దగ్గర పెట్టారు.

నూకాలు ఎదురు వెళ్ళింది. ఈ వైపు రంగు పలుచనగా ఉంది, చక్రం వద్దు బాబూ అని దివానుగారితో చెప్పింది. నీకెలా తెలుసని ఆయన అడిగాడు. చేతికి తెలుస్తుందని చెప్పింది. చక్రం వస్తే నీ పని పోతుందని అడ్డం పడుతున్నావా అని ఆయన విసుక్కున్నాడు.

వరహాలశెట్టి వేలితో మూత మీద తట్టి, రంగు దిట్టంగానే ఉందన్నాడు. అతను అబద్ధమాడలేదు. అతనికి నిజంగానే తెలియదు. నూకాలు మళ్ళీ వద్దంది. నీకెలా తెలుసో చెప్పమని దివానుగారు మళ్ళీ అడిగాడు. ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు.

తీగ తగిలించారు. చక్రం తిరగడం మొదలైంది. తుమ్మెదల గుంపు లేచినట్టు చప్పుడు. వరహాలశెట్టి దాన్ని రెండు చేతులతో ఎత్తి మూత మీదికి వంచబోయాడు.

నూకాలు ఎడమ తలుపు దగ్గరికి పరుగెత్తింది. చీర కొంగును నూనెలో ముంచి, ఇంకా ఆరని ఆ కొత్త రంగును ఒక్క తుడుపు తుడిచింది. అందరి కళ్ళ ముందు బూడిద మచ్చ బయటపడింది.

"ఇలా తెలుసు," అంది.

చక్రం ఆగిపోయింది. కొంగు నుంచి నేరేడురంగు నూనె బొట్లు నేల మీద పడుతున్నాయి. దివానుగారి ముఖం పాలిపోయింది. కావలివాడు వెళ్ళి రాజుగారికి చెప్పాడు.

రాజు వచ్చాడు. మచ్చ ముందు నిలబడ్డాడు. వేలితో దాని చుట్టూ ఒకసారి రాశాడు. నూకాలు చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇది జరిగినప్పుడు ఎవరైనా చూశారా?" అని రాజు అడిగాడు.

"ఎవరూ చూళ్ళేదు ప్రభూ."

"కప్పెయ్యడానికి నీ దగ్గర రంగు ఉందా?"

"ఉంది. పొద్దున కప్పేశాను కూడా."

"మరి ఎందుకు తుడిచేశావు?"

నూకాలు ముందు మూత వైపు చెయ్యి చూపించింది. "నా మచ్చ దాచుకుంటే, రంగు పలుచనైందని నాకెలా తెలుసో చెప్పలేను ప్రభూ. అది చెప్పలేకపోతే మూత మొత్తం పోతుంది. నేను పోగొట్టింది అరచెయ్యంత. నోరు మూసుకుని పోగొట్టబోయింది ఆ వైపంతా."

దివానుగారు నెమ్మదిగా, ఈమె మాట నిజమో కాదో చూడాలి కదా అన్నాడు. రాజు సరేనన్నాడు. ఎడమ తలుపు కింది అంచున, నేలకు దగ్గరగా, కనపడని చోట ఒక అంగుళం చూపించాడు. వరహాలశెట్టి చక్రాన్ని అక్కడ ఆనించాడు. కళ్ళు మూసి తెరిచేలోగా తీసేశాడు. ఆ అంగుళమంతా బూడిద రంగు.

వరహాలశెట్టి చక్రాన్ని కింద పెట్టేశాడు. రాజుగారి వైపు చూడకుండా, నూకాలు వైపే చూసి, అమ్మా నన్ను కాపాడావు అన్నాడు. ఆ మాట అతను మనసులోంచే అన్నాడు.

ఇక మిగిలింది రాజుగారి మాట. గోరంత పోయినా గడప తొక్కకూడదన్న మాట. నూకాలు తన గుడ్డలు, సుద్దపొడి మూట కట్టుకోసాగింది. రాజు ఆ మూట మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"నేను ఆ మాట అన్నందుకే నువ్వు మచ్చను కప్పావు. అంత భయపెట్టాక నిజం చెప్పమంటే ఎవరు చెబుతారు? ఆ తప్పు నాది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు.

దివానుగారు దగ్గరికి వచ్చి, ముహూర్తానికి మూడు రోజులే ఉందని గుర్తుచేశాడు. మిగతా పనికి ఎన్నాళ్ళు పడుతుందని రాజు నూకాలును అడిగాడు. ఎండ తిన్న రంగును ఇక సుద్దతో రుద్దకూడదని, ఒట్టి నూనెగుడ్డతో కొంచెం కొంచెంగా తేవాలని, దానికి మూడు నెలలు పడుతుందని ఆమె చెప్పింది. తొందరపడి ఒక మాట, భయపడి ఒక మాట చెప్పలేదు. ఉన్నది చెప్పింది. మూడు నెలలే కానిమ్మన్నాడు రాజు.

పట్టాభిషేకం రోజు వచ్చింది. భేరీలు మోగాయి. తాళం తిప్పగానే కారు గర్జించింది, పావురాలు లేచాయి. కారు సగమే మెరుస్తూ కోట దాటింది. వీధికి కుడివైపు నిలబడినవాళ్ళు నిగనిగలాడే నేరేడుపండు కారును చూశారు. ఎడమవైపు నిలబడినవాళ్ళు సున్నం కొట్టినట్టున్న పాత కారును చూశారు, దాని తలుపు మీద బూడిద మచ్చనూ చూశారు. రాజు కావాలనే ఎడమవైపు కూర్చున్నాడు. మచ్చ మీద మోచెయ్యి ఆనించి జనానికి నమస్కారం పెట్టాడు.

సాయంత్రం ఊరంతా అదే వాదన. మెరిసిందని సగం మంది, మెరవలేదని సగం మంది. చివరికి ఒకరినొకరు అడిగి, జరిగిందంతా తెలుసుకున్నారు. అప్పటి నుంచి ఆ ఊళ్ళో కుండ పగిలినా, లెక్క తప్పినా, పశువు తప్పిపోయినా, దాచకుండా ముందుగా వచ్చి చెప్పడం జనానికి అలవాటైంది.

మూడు నెలలు గడిచేసరికి నూకాలు ఎడమవైపునూ వెలిగించింది. మచ్చను నింపమంటారా అని అడిగితే, అలాగే ఉండనీ అన్నాడు రాజు. షెడ్డుకు పడమటి గోడ కట్టించాడు. కారు తాళంచెవుల్లో ఒకటి నూకాలు చేతికిచ్చి, ఇక ఆ కారు సంరక్షణ అంతా ఆమెదేనన్నాడు. అప్పన్న రోజూ మధ్యాహ్నం ఆమెకు అన్నం మూట తెచ్చి, షెడ్డు నీడలో కూర్చుని ఆ రంగును చూసిపోయేవాడు.

కాబట్టి పిల్లలూ, తన తప్పును దాచుకున్న నోరు రాబోయే ముప్పును కూడా చెప్పలేకపోతుంది. తప్పు ఒప్పుకున్న నోరే పదిమందిని కాపాడుతుంది.