నాంచారమ్మ తిట్లు

బందరులో స్పీకర్లు బాగుచేసి అమ్మే సుభానీ మాస్టారికి ఒక అలవాటు. శిష్యుడు ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు. చేతిలో పని ఆపి ఇంకో పని మొదలుపెడతారు.

ఒకనాడు శిష్యుడు కోటిలింగం ఉండబట్టలేక అడిగేశాడు. "మాస్టారూ, స్పీకరుకీ స్పీకరుకీ తేడా నాకెప్పటికి తెలుస్తుంది? దేంట్లో విన్నా పాట పాటలానే ఉంది. నావల్ల కాదని తేల్చెయ్యండి, మా బావమరిది రైసుమిల్లులో చేరిపోతాను. అక్కడ చెవులతో పనిలేదు."

అన్నాడేగానీ, మిల్లుకి పోవడం అతనికి సుతరామూ ఇష్టం లేదు. ఈ పనంటే అతనికి ప్రాణం.

మాస్టారు ఏది ఏదో కనపడకుండా రెండు స్పీకర్ల మీద దుప్పటి కప్పి, నాదస్వరం టేపు పెట్టి, మార్చి మార్చి వినిపించారు.

"ఎడమదే మేలు!" అన్నాడు కోటిలింగం హుషారుగా.

మాస్టారు కుడిదాని వాల్యూం కాస్త పెంచారు.

"కాదు కాదు, కుడిదే!" అన్నవాడు, మాస్టారి వేళ్లు ఇంకా వాల్యూం మీదే ఉండటం చూసి నాలుక కరుచుకున్నాడు. గట్టిగా అరిచేదే గొప్పదనుకోవడం ఈ పనిలో కొత్తవాళ్లందరూ చేసే పొరపాటే. వాల్యూం సమానం చేశాక అతని చెవికి రెండూ మళ్లీ ఒకటే అయిపోయాయి.

అంతలో అతని భార్య నాంచారమ్మ క్యారేజీ తెచ్చి బల్లమీద ఠక్కున పెట్టింది.

"చద్దన్నం ముట్టకుండా వచ్చేస్తావా? ఆ డబ్బాలకి చెవి ఆనించి కూర్చుంటే కడుపు నిండుద్దా? ఇంట్లో నా మాట ఒక్కటి వినవు గదా!"

మాస్టారు మైకు ఆమె వైపు జరిపి రికార్డింగు మీట నొక్కారు. "కానియ్యమ్మా, ఇంకా తిట్టు."

"మీరు చెప్పాలా మాస్టారూ?" అని ఆమె మళ్లీ అందుకుంది.

ఆ తిట్లనే రెండు స్పీకర్లలోనూ వినిపించారు. ఎడమదానిలో వింటూ కోటిలింగం తల దించుకున్నాడు. కుడిదానిలో వింటూ మెల్లగా తలెత్తాడు.

"ఇంకోసారి వెయ్యండి మాస్టారూ... అదిగో! ఎడమదానిలో ఇవాళ నాకు తిండి లేదు. కుడిదానిలో తిడుతోందిగానీ అన్నం పెడుతుంది. మాట చివర నవ్వు ఆపుకుంటోంది!"

"నేనెప్పుడు నవ్వానయ్యా?" అంటూ నాంచారమ్మ పకపకా నవ్వేసింది.

కోటిలింగానికి మిల్లు మాటే గుర్తులేదు. "మరి నాదస్వరంలో ఈ తేడా ఎందుకు వినపడలేదు మాస్టారూ?" అన్నాడు.

మాస్టారు క్యారేజీ మూత తీస్తూ అన్నారు. "ఆ వాయించినాయన నిన్నెప్పుడైనా తిట్టాడా?"