చూపు తగలని మామిడిపండు

అనగనగా ఒక రాజు ఉండేవాడు. ఉంటే ఉన్నాడు గానీ, ఆయన కన్నా ఆయన తోటలే ఘనమైనవి. ఆ రాజ్యం పేరు మావిరేవు. ఒక పక్క సముద్రం, ఒక పక్క కాలువలు, మధ్యలో ఎటు చూసినా పళ్లతోటలే. పనసచెట్లకు మొదలు నుంచి కాయలే. అరటిగెలలు బరువుకు వంగి నేలను తాకేవి. మామిడి, జామ, సపోటా, సీతాఫలం... దారిన పోయేవాడు చెయ్యి చాచి కోసుకు తిన్నా ఇదేమిటని అడిగేవాడు లేడు.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధీరవర్మ, రెండోవాడు వీరవర్మ, మూడోవాడు స్థిరవర్మ. మూడోవాడికి ఆ పేరు పెట్టిన పురోహితుడు ఆ తర్వాత రాజుగారికి మొహం చూపించలేదు. ఎందుకంటారా? ఆ పిల్లవాడు స్థిరంగా ఒక్కచోట నిలబడితే ఒట్టు! కాలుకాలిన పిల్లిలా తిరిగేవాడు. అన్నం సగం తిని లేచిపోయేవాడు. కాయలు గడ్డిలో మాగేస్తే మర్నాడే గడ్డి లాగి చూసేవాడు. అందరూ కసిరేవారు. నాయనమ్మ ఒక్కతే వాణ్ణి వెనకేసుకొచ్చేది.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతల, నల్లరాతి దీవిలో వగరమాయుడని ఒక మాంత్రికుడు ఉండేవాడు. వాడికి ఒకరి నోరు తీపి అయితే కడుపులో మంట. ఒకనాటి మధ్యాహ్నం వాడు గాలి మీద వచ్చి మావిరేవు మీద పిడికెడు బూడిద ఊది పోయాడు. అంతే! ఆ రోజు నుంచి రాజ్యంలో ఒక్క కాయ పండితే ఒట్టు. చెట్టున ఉన్నది చెట్టునే పచ్చిగా ఎండిపోయేది. జనం కాయలు కోసి గడ్డిలో వేశారు. పొద్దున్నే తీసి చూశారు. పండలేదు. మళ్లీ కప్పారు, మధ్యాహ్నం తీసి చూశారు. పండలేదు. ఆకు చాటున ఉన్న కాయను కూడా వదలకుండా వెతికి వెతికి చూశారు. అలా మూడేళ్లు గడిచాయి.

మొదటి ఏడు ధీరవర్మ కత్తి పట్టుకుని మాంత్రికుడి మీదికి వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండో ఏడు వీరవర్మ రెండు కత్తులు పట్టుకుని వెళ్లాడు, వాడూ రాలేదు.

మూడో ఏడు నాయనమ్మ మంచం పట్టింది. ఆవిడకు నోట్లో ఒక్క పన్ను లేదు. మెత్తటి పండు తప్ప ఏదీ గొంతు దిగేది కాదు. అటక మీద దాచిన మామిడితాండ్ర నీళ్లలో నానబెట్టి అన్నాళ్లూ పెట్టుకొచ్చారు. ఆ తాండ్ర కూడా అయిపోయింది. వైద్యుడు నాడి చూసి పెదవి విరిచాడు.

"ముప్పై రోజులు. ఆ లోపల పండు రసం గొంతు దిగిందా, సరే. లేదా, నా మందులేం చెయ్యలేవు" అన్నాడు.

స్థిరవర్మ పరుగున మంచం దగ్గరికి వచ్చాడు. నాయనమ్మ చెయ్యి పట్టుకుని, "నేను పండు తెస్తాను, అప్పటిదాకా ఉండు" అన్నాడు.

"ఉంటాను గానీ, నువ్వు దారిలో ఎక్కడా గెంతులెయ్యకు, ఒరే" అంది ముసలావిడ.

రాజు ఏడుస్తూ పంపాడు. కుర్రవాడు రేవుకు పరుగెత్తాడు. అక్కడ ఇంటికప్పంత డిప్ప ఉన్న తాబేలు ఒకటి ఒడ్డున సేదదీరుతోంది.

"అవ్వా అవ్వా, నన్ను ఏడు సముద్రాలు దాటిస్తావా?"

"ఎక్కు నాయనా. రోజుకొక సముద్రం. తొందరపెట్టావో, నీళ్లలో దింపేస్తాను."

మొదటి సముద్రం ఉప్పుగా ఉంది. "ఇంకెంత దూరం అవ్వా?" "ఇంకా ఉంది నాయనా." రెండో సముద్రం నల్లగా ఉంది. "ఇంకెంత దూరం అవ్వా?" "ఇంకా ఉంది నాయనా." ఏడు సముద్రాలు దాటేసరికి వాడు ఆ మాట ఎన్నిసార్లు అడిగాడో తాబేలు లెక్కపెట్టడం మానేసింది. ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. నాయనమ్మ ఇవాళ ఏం తాగిందో, అసలు కళ్లు తెరిచిందో లేదో, ఇదే ఆలోచన.

ఎనిమిదో నాడు నల్లరాతి దీవి చేరాడు. అన్నల్లా కత్తి దుయ్యలేదు. తలకు గుడ్డ చుట్టుకుని, "దొరా, తోటపని ఉందా?" అని అడిగాడు. వగరమాయుడు ఎగాదిగా చూసి, "నీళ్లు పొయ్యి, మాట్లాడకు" అని చేద పడేశాడు.

ఆ తోటలో అన్నీ పచ్చికాయలే. పనసచెట్టుకు మనిషంత పెద్ద కాయ ఒకటి, పక్కన అరటిబోదెకు ఆకుపచ్చ గెల ఒకటి. తోటలో పనిచేసే కేతకి అనే అమ్మాయి చాటుగా చెప్పింది: "వాటి జోలికి పోకు. అది నిరుడు కాక ముందేడు కత్తితో వచ్చినవాడు, ఇది నిరుడు రెండు కత్తులతో వచ్చినవాడు. ఈ దీవి మా నాన్నది. ఆయన్నీ ఇలాగే చేశాడు. అదిగో, ఆ జామచెట్టు."

స్థిరవర్మ అన్నలిద్దరినీ చూసి నోరు నొక్కుకున్నాడు.

మామిడికొమ్మకు బంగారు పంజరం వేలాడుతోంది. తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల చిలక ముడుచుకుని కూర్చుంది.

"తలుపు తెరిచే ఉందిగా. ఎగిరిపోవేం?" అన్నాడు.

"రెక్కల్లో సత్తువ లేదు" అంది చిలక. "పచ్చికాయలే పెడతాడు. వాడి ప్రాణం నాలో ఉంది. నేను ఒక్క పండు తింటే ఎగిరిపోతాను. నేను ఎగిరితే వాడి మంత్రమూ ఎగిరిపోతుంది. అందుకే ఈ లోకంలో పండే లేకుండా చేశాడు."

కేతకి పశువుల పాక నుంచి ఎండుగడ్డి తెచ్చింది. ముదిరిన మామిడికాయలు మూడు కోసి, బుట్టలో గడ్డి మధ్య పెట్టి కప్పారు. మూడో రోజు స్థిరవర్మ ఆగలేక గడ్డి తీశాడు. పచ్చిగానే ఉన్నాయి. వేరే మూడు కోసి పెట్టారు. ఈసారి పళ్లు బిగించి అయిదు రోజులు ఆగి, కొంచెమే, ఒక్క పరక పక్కకు జరిపి చూశాడు. పచ్చిగానే ఉన్నాయి.

పదిహేను రోజులు పోయాయి. వాడు ఏడుస్తూ ఒడ్డుకు వెళ్లాడు. తాబేలవ్వ ఇసుకలో గొయ్యి తీసి గుడ్లు పెట్టింది, ఇసుక కప్పింది, నీళ్ల వైపు నడిచింది.

"అవ్వా, అలా వదిలేసి పోతావేం? బాగున్నాయో లేదో చూడవా?"

"చూడటానికి తవ్వితే ఇంకేం బతుకుతాయి నాయనా? లోపలి పని లోపలిది. అది జరుగుతుండగా నా కంటికేం పని అక్కడ?"

కుర్రవాడు ఉన్నచోటే నిలబడిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక అలా నిలబడటం అదే మొదలు. మావిరేవులో మూడేళ్లుగా ఏం చేశారు? పొద్దున తీసి చూశారు, సాయంత్రం తీసి చూశారు. ఒక్క కాయను చూడకుండా వదలలేదు. పరుగున వచ్చి చిలకను అడిగాడు: "చూసిన కాయ పండదు. అదేనా వాడి మంత్రం?"

చిలక కళ్లు మిటకరించింది. "ఆ మాట నేను చెప్పకూడదు. నువ్వన్నావు కదా, నేను కాదనను" అంది.

కేతకి, వాడు కళ్లకు గంతలు కట్టుకున్నారు. ఆకుల గుబురులో ఎవరి కంటా పడని చోట తడిమి తడిమి మూడు కాయలు కోశారు, తడిమి గడ్డిలో పెట్టారు. బుట్ట మీద మూత, మూత మీద స్థిరవర్మ. ఏడు రోజులు లేవకూడదు.

మొదటి రోజు వాడి కాళ్లు వాటంతటవే ఊగాయి. రెండో రోజు చేతులు మూత అంచు పట్టుకున్నాయి, కేతకి వాటి మీద కొట్టింది. మూడో రోజు వగరమాయుడు రానే వచ్చాడు.

"ఏరా, లేవవేం?"

"తొడ మీద సెగ్గడ్డ లేచింది దొరా. కదిలితే ప్రాణం పోతోంది."

వాడికి ఒకరి బాధ చూస్తే పండగ కదా! పడీ పడీ నవ్వాడు. రోజూ వచ్చి చూసి నవ్వి పోయేవాడు. నాలుగో రోజు, అయిదో రోజు, ఆరో రోజు... నాయనమ్మ పోయిందేమో, ఉందేమో, కాయ కుళ్లిందేమో, పండిందేమో! అయినా లేవలేదు.

ఏడో రోజు మూత కింద నుంచి వాసన వచ్చింది. మూడేళ్లుగా ఎవరూ ఎరగని వాసన. కేతకి కళ్ల వెంట నీళ్లు కారాయి. మూత తీశారు. రెండు కాయలు కుళ్లిపోయాయి. ఒక్కటి, ఒకే ఒక్కటి, పసుపుపచ్చగా పండింది.

స్థిరవర్మ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఇరవై రెండు రోజులయ్యాయి. ఇప్పుడు తాబేలెక్కితే ఇరవై తొమ్మిదో నాటికి ఇల్లు చేరతాడు. నాయనమ్మ బతుకుతుంది. కాళ్లు అప్పుడే ఒడ్డు వైపు తిరిగాయి.

చిలక ఏమీ అడగలేదు. కేతకి జామచెట్టు వైపు చూసి తల దించుకుంది. "పో. నీకెవరో ఎదురుచూస్తున్నారు కదా" అంది.

"చిలకా, నువ్వు చెప్పింది నిజమేనా? నువ్వు ఎగిరితే అక్కడ కూడా పండుతాయా?"

"నేను చూడలేదు. అనుకుంటున్నాను" అంది చిలక.

అంతకన్నా గట్టి మాట దొరకలేదు వాడికి. ఒక పక్క నాయనమ్మ. ఒక పక్క అన్నలు, ఈ పిల్ల తండ్రి, ఒక రాజ్యం జనం. "నాయనమ్మా, నన్ను క్షమించు" అని పైకే అనేసి పండును పంజరంలో పెట్టాడు.

చిలక సగం తిన్నది. రెక్కలు విదిల్చింది. ఝుమ్మని ఎగిరింది. వగరమాయుడు "నా ప్రాణం! నా ప్రాణం!" అని దాని వెనక సముద్రంలోకి పరుగెత్తాడు. ఇప్పటికీ పరుగెడుతూనే ఉన్నాడట. అందుకే చూడండి, చిలక ఏ పండునూ పూర్తిగా తినదు, ఒక గాటు వేసి లేచిపోతుంది.

వాడు అటు పోగానే పనసకాయ పగిలి ధీరవర్మ, గెల విడి వీరవర్మ, జామచెట్టులోంచి కేతకి తండ్రి బయటికొచ్చారు. ధీరవర్మ దగ్గర పనసతొనల వాసన ఆరు నెలల దాకా పోలేదు. అందరూ తాబేలెక్కారు. ఏడు సముద్రాలూ స్థిరవర్మ ఒక్క మాట మాట్లాడలేదు. తాబేలే ఉండబట్టలేక, "ఎంత దూరమని అడగవేం నాయనా?" అంది.

రేవులో జనం గుమిగూడి ఏదో చెప్పబోయి కేకలేశారు. వాడు ఆగలేదు. కోటలోకి పరుగెత్తాడు. నాయనమ్మ మంచం ఖాళీగా ఉంది. పక్క చుట్టేసి ఉంది. వాడు గడప మీదే కూలబడిపోయాడు.

"ఎవర్రా అక్కడ దారికి అడ్డంగా?" అని వెనక నుంచి గొంతు వినిపించింది.

నాయనమ్మ! మోచేతుల దాకా మామిడిరసం, గడ్డం మీద పీచు, ఒళ్లో ఇంకో నాలుగు పళ్లు. వారం క్రితం ఒక ఉదయం రాజ్యంలో కాయలన్నీ ఒక్కసారే పండాయట. ఆవిడ ఆ రోజే లేచి తోటలోకి నడిచిందట.

వాడు ఆవిడ కాళ్లు పట్టుకుని భోరుమన్నాడు. "నీకు తెస్తానన్న పండు చిలకకు ఇచ్చేశాను నాయనమ్మా."

"మంచిపని చేశావు. నాకిచ్చి ఉంటే ఒక్కటే తినేదాన్ని" అంది ముసలావిడ, కేతకిని దగ్గరకు రమ్మని చెయ్యూపుతూ.

ఆ మాసంలోనే స్థిరవర్మకు, కేతకికి పెళ్లయింది. పీటల మీంచి వాడు మూడుసార్లు లేచాడు, కేతకి మూడుసార్లు కూర్చోబెట్టింది. కేతకి తండ్రి తర్వాత వాళ్లు నల్లరాతి దీవిని చాలా ఏళ్లు ఏలారు. రసం మీరు జుర్రుకున్నారు, టెంక నా చేతికి మిగిలింది.