మేకకు చినుకంటే భయం ఎందుకు?

ఒకప్పుడు మేక వానలో హాయిగా తడిసేది. కుండపోతగా కురుస్తున్నా ఆరుబయట నిలబడి గడ్డి మేసేది. నమ్మరా? అయితే వినండి.

గ్రీకు దేశంలో, కొండమీద ఒక ఊరు. ద్రాక్షతీగల దేవుడు డయోనిసస్ ఆ ఊరి దేవుడు. పండగనాడు మగవాళ్లంతా మేకతోళ్లు కప్పుకుని, బలిపీఠం చుట్టూ తిరుగుతూ ఒకే గొంతుతో పాడేవాళ్లు.

ఒక ఏడు పండగ ముందు, ఓ మేక దేవుడి తోటలోకి దూరి తీగలన్నీ మేసేసింది. ఊరు మండిపడింది. "దీన్నే బలివ్వాలి!" అన్నారు. నిజానికి తోట తలుపు వేయడం మరిచిపోయింది ఆ మేకను పెంచిన ఫిలోనే. ఆ సంగతి అతనికీ మేకకూ తప్ప ఎవరికీ తెలియదు. ఫిలోన్ భయంతో, పండగనాడు తనూ మేకతోలు కప్పుకుని పాడేవాళ్లలో కలిసిపోయాడు.

వాళ్లకో ఆచారం ఉంది. బలికి పశువు ఒప్పుకోవాలి. పూజారి దాని నెత్తిన నీళ్లు చల్లుతాడు. అది తల ఆడించిందా, ఒప్పుకున్నట్టే. ఇదేం న్యాయం! చెవిలో నీళ్లు పడితే మీరు తల విదిలించరా?

పూజారి దోసెడు నీళ్లు చల్లాడు. మేక మెడ బిగబట్టింది. మళ్లీ చల్లాడు. ఒక చుక్క జారి చెవిలోకి దిగింది. ఒకటే జిల.

"నేను ఒప్పుకోను! ఫిలోనయ్యా, నువ్వైనా చెప్పవయ్యా!" అని మేక అరిచింది. పాట హోరులో ఆ అరుపు పక్కనే పాడుతున్న ఫిలోన్‌కు తప్ప ఎవరికీ వినపడలేదు.

పూజారి మూడో దోసిలి ఎత్తాడు. మేక మెడ వణుకుతోంది.

ఫిలోన్ వరస తప్పి ముందుకొచ్చాడు. అలా ఎవరూ రాకూడదు. పాట ఠక్కున ఆగిపోయింది. తప్పు నాదని చెప్పడానికి పాపం అతనికి ధైర్యం చాల్లేదు. ఒంటిమీది మేకతోలు తలమీదికి లాక్కున్నాడు.

"నేను మేకను," అన్నాడు. "తలుపు తీసి ఉంటే వచ్చాను. ఆకలేసి తిన్నాను. తలుపు వేయనివాడు మీతో కలిసి పాడుతున్నాడు. నేనేమో కత్తి ముందు ఉన్నాను. మెడ నొప్పెడుతోందయ్యా. నాకు బతకాలని ఉంది."

మాట్లాడుతున్నది ఫిలోన్ అని అందరికీ తెలుసు. అయినా మేక మాటలే విన్నట్టు ఊరంతా ఏడ్చింది. మనిషి ఇంకొకరిగా మారి మాట్లాడటం అదే మొదలు. నాటకం అలా పుట్టింది.

పూజారి దోసిట్లో నీళ్లు నేలమీద వదిలేశాడు. "దేవుడికి ఇవాళ ఈ కన్నీళ్లు చాలు. ఫిలోన్, రేపు పొద్దున్నే వచ్చి తీగలు నాటు," అన్నాడు.

తాడు విప్పారో లేదో, మేక ఒక్క ఉరుకున కొండ దిగింది. దారిలో వాన మొదలైంది. మొదటి చినుకు నెత్తిన పడగానే దాని గుండె ఆగినంత పనైంది.

అప్పటినుంచే, ఒక్క చినుకు పడితే చాలు, మేక చూరు కిందికి పరిగెడుతుంది. నెత్తిన నీళ్లు పడ్డాయంటే ఎవరో తన ప్రాణం అడుగుతున్నారని దానికి ఇప్పటికీ భయమే.