చాప ముక్కకు పచ్చ గుర్తు

ఏం చూశావో చెప్పు. తొందర లేదు, ఆలోచించుకునే చెప్పు. కొనడానికి వచ్చినవాడు తన ఫోను నీ ముఖం ముందు పెట్టాడు. టింగుమంది. పచ్చ గుర్తు వెలిగింది. వాడు సరుకు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. నువ్వు చూసింది డబ్బునా, పచ్చ గుర్తునా? "రెండూ ఒకటే కదా" అంటావు. గేదె సూరమ్మ కూడా అదే మాట అంది. ఆ మాట పట్టుకుని వేలాడినందుకు, ఏ పాపం ఎరగని ఒక కాకికి రెక్క దించే చోటు కూడా లేకుండా పోయేది. విను.

జువ్విగుంట సంత రెండు గుట్టల నడుమ పల్లంలో జరుగుతుంది. ఫోను సిగ్నల్ గాలివాటంగా వస్తుంది, పోతుంది. అయినా అక్కడ ప్రతి కొట్టు గుంజకూ ఒక బోర్డు వేలాడుతుంది. బోర్డు మీద నలుపూ తెలుపూ గళ్ళ బొమ్మ. కొనేవాళ్ళు దాని మీదికి ఫోను చూపించి డబ్బు పంపిస్తారు.

గేదె సూరమ్మది నెయ్యి కొట్టు. ఒళ్ళు హూనం చేసుకుని తీసిన వెన్న, తనే కాచిన నెయ్యి. అందులో కాకి కోటయ్యకు సగం భాగం. సూరమ్మ గిట్టలతో ఫోను నొక్కలేదు, ఆమెకు అక్షరం ముక్క రాదు కాబట్టి ఫోను పనంతా కోటయ్య ముక్కుతోనే జరిగేది. పొద్దున్నే సూరమ్మ ముంతలు సర్దుతుంటే అతను గుట్టమీదికి పోయి మూతలు కట్టడానికి మోదుగాకులు కోసుకొచ్చేవాడు.

ఆ సంతలో ఒక ఆచారం ఉంది. బోణీ చేసినవాణ్ణి ఎదురు ప్రశ్న అడగకూడదు. అడిగితే రోజంతా బేరాలు పాడైపోతాయని నమ్మకం. నోట్లు నడిచిన రోజుల్లో బోణీ నోటు కళ్ళకద్దుకుని పెట్టెలో వేసుకునేవాళ్ళు. ఫోన్లు వచ్చాక కళ్ళకద్దుకోవడానికి చేతిలో ఏమీ మిగల్లేదు. ఆచారం వదలబుద్ధి కాదు. అందుకని కొన్నవాడి ఫోనే అడిగి తీసుకుని, అందులో వెలుగుతున్న పచ్చ గుర్తును కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చేసేవాళ్ళు. తమ ఫోను ఎక్కడో తవుడు బస్తా కింద పడి ఉండేది. దాన్ని ఎవడు చూశాడు!

ఈ లొసుగు కనిపెట్టినవాడు నక్క పరంధామం. భుజాన ఉత్తరీయం, నోట్లో వక్కపలుకు, మాటలో తేనె. కోటయ్య గుట్టమీదికి ఎగిరాడంటే చాలు, పరంధామం కొట్టు ముందు ఉండేవాడు.

"సూరమ్మక్కా! బోణీ అయిందా?"

"నీకోసమే చూస్తున్నా తమ్ముడూ. నీ చెయ్యి పడందే నాకు రోజు గడవదు."

"ఎంత మాట! పెద్ద ముంత ఒకటి కట్టు. బేరం ఆడను. నీ దగ్గర బేరం ఆడితే నాలుక పడిపోతుంది." అలా అంటూనే బోర్డువైపు ఫోను ఊపేవాడు. టింగు. పచ్చ గుర్తు. "ఇదిగో, వెళ్ళిపోయింది. ఈ పల్లంలో సిగ్నల్ సంగతి నీకు తెలుసుగా, నీకు కాస్త ఆలస్యంగా తెలుస్తుంది."

సూరమ్మ ఆ ఫోను అందుకుని కళ్ళకద్దుకునేది. పరంధామం ముంత అందుకుని వెళ్ళేవాడు. ఆ తర్వాత బేరాలు జోరుగా సాగేవి. కార్తీకమాసం వచ్చింది, దీపాలకు అందరికీ నెయ్యి కావాలి, గిరాకీ దానంతట అదే పెరిగింది అని ఎవరూ అనుకోలేదు. పరంధామం చెయ్యి మంచిదనుకున్నారు. పక్కన గుగ్గిళ్ళు అమ్మే కోడి రత్తమ్మ మాత్రం మూతి తిప్పేది.

"వాడి చెయ్యి మంచిదే వదినా. ఆ చూపే నాకు నచ్చదు. గుగ్గిళ్ళు కొంటూ నా మెడకేసి చూస్తాడు."

"నీకు అందరిమీదా అనుమానమే రత్తమ్మా."

"మా జాతిలో అనుమానం లేనిది ఒక్కతీ బతికి లేదు వదినా," అంది రత్తమ్మ. అంత తెలిసిన కోడి కూడా బోణీ అనేసరికి నోరు మూసుకుని వాడికి పొట్లం కట్టి ఇచ్చేది. ఆచారం అలాంటిది.

ఒక సంతనాడు సూరమ్మ పత్తిచెక్క కొనడానికి వెళ్ళింది. అది తింటేనే పాలు, పాలుంటేనే కొట్టు. కోటయ్య ఫోను నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఖాతాలో అంత లేదత్తా."

"లేకపోవడమేమిట్రా? నెయ్యంతా అమ్ముడైంది. పొద్దున్నే పరంధామం ఇచ్చిందే పెద్ద మొత్తం."

"పరంధామం పేరుతో ఏమీ రాలేదు."

"నా కళ్ళతో నేను చూశాను. కళ్ళకద్దుకున్నాను కూడా."

"నువ్వేం చూశావో నాకు తెలీదు. ఇందులో లేదు."

ఆ క్షణంనుంచి సూరమ్మ చూపు మారింది. కోటయ్య ఫోను వైపు వంగితే రెక్క చాటున ఏదో నొక్కుతున్నాడనిపించేది. అతని పిల్లలు కాస్త బొద్దుగా కనిపించినా, "ఎవరి నెయ్యి తిని?" అని మనసు అడిగేది. పత్తిచెక్క లేక ఎండుగడ్డితో సరిపెట్టుకున్న వారమంతా పాలు తగ్గాయి. పాలతోపాటు నిద్రా తగ్గింది.

ఆ వారమే చెరువుగట్టు మీద పరంధామం ఎదురయ్యాడు.

"ఏమక్కా, చిక్కిపోయావు?"

ఆమె అంతా చెప్పుకుంది. చెప్పుకోకూడనివాడికే చెప్పుకుంది. నక్క చెవులు రెండూ వెనక్కి వాలాయి, మళ్ళీ లేచాయి.

"నేనైతే ఒకరి మీద చాడీలు చెప్పేవాణ్ణి కాదు," అన్నాడు గొంతు తగ్గించి. "అయినా అడుగుతున్నాను. ఫోను ఎవరి చేతిలో ఉంటుంది?"

"కోటయ్య."

"చెరిపేస్తే నీకు తెలుస్తుందా?"

"నాకు చదువు ఏది తమ్ముడూ?"

"పోనీ గుంజకు వేలాడే ఆ బోర్డు నీదేనని నీకు ఎలా తెలుసు? నీ బొమ్మ మీద తన బొమ్మ అంటించుకుని ఉంటే? నేను పంపే డబ్బు నేరుగా వాడి గూటికే పోతుందిగా! కాకి సంగతి లోకానికి కొత్తా అక్కా? ఆ బోర్డు విప్పి పెద్దమనిషికి చూపించు. నేనన్నానని మాత్రం చెప్పకు."

సంతకు పెద్ద, ఎద్దు పెద్దబ్బాయి. సూరమ్మ తిన్నగా అతని పాకకు పోయింది. అతను నెమరు ఆపి విన్నాడు.

"మాట అనేశావు. వెనక్కి రాదు సుమా," అన్నాడు. "దొంగ అని తేలితే కోటయ్య మళ్ళీ ఈ సంతలో వాలడానికి లేదు. అతని పిల్లలకూ లేదు. తేలకపోతే అన్నదానివి నువ్వు అతని ముందు తల వంచుకుని నిలబడాలి. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నాను బావా."

"అయితే సంతనాడు పొద్దున్నే వస్తాను. బోర్డు సిద్ధంగా ఉంచు."

సంతనాడు కోటయ్య కొట్టుకు రాలేదు. కబురు అతనికీ చేరింది. ఎదురుగా తుమ్మచెట్టు చివర ముడుచుకుని కూర్చున్నాడు. సూరమ్మ అతనివైపు చూడకుండా బోర్డు విప్పి గోనెసంచిలో చుట్టి, కూర్చునే బల్ల కింద పెట్టింది. ఖాళీ అయిన కొక్కేనికి ముంతల మీద కప్పే చాప ముక్క తగిలించింది. రాత్రి మంచుకు తడిసింది, ఆరుతుందని. ఈతాకులకు రంగు వేసి గళ్ళుగళ్ళుగా అల్లిన పాత చాప అది.

పెద్దబ్బాయి ఇంకా రాలేదు. పరంధామం మాత్రం వచ్చేశాడు.

"అక్కా! బోణీ అయిందా?" తుమ్మచెట్టుకేసి ఓరగా చూసి నవ్వాడు. "ఇవాళ పీడ వదిలిపోతుందిలే. పెద్ద ముంత కట్టు."

ఫోను ఊపాడు. టింగు. పచ్చ గుర్తు.

సూరమ్మ అలవాటు ప్రకారం ఫోను అందుకుంది. అలవాటు ప్రకారం కళ్ళదాకా తెచ్చింది. ఫోను అంచు మీదుగా ఆమె చూపు గుంజ మీద పడింది. కొక్కెం. కొక్కేనికి చాప ముక్క.

బోర్డేమో తన బల్ల కింద ఉంది.

ఫోను కళ్ళకు తగలకుండానే ఆగింది. వీడు దేనికి చూపించాడు? దేనికి పంపాడు? చాపకు ఖాతా ఎక్కడిది? కోటయ్య బోర్డు మార్చాడనే అనుకుందాం. చాప ముక్కను మార్చలేదు కదా! మరి ఈ పచ్చ గుర్తు ఎలా వెలిగింది? ఇవాళ వెలిగినట్టే ఇన్నాళ్ళూ వెలిగిందా? ఆమె వీపు మీద ఈగలు వాలుతున్నా తోక కదల్లేదు.

"ఏమక్కా, అలా చూస్తున్నావు?" అన్నాడు పరంధామం.

గొంతుదాకా వచ్చిన మాటను సూరమ్మ మింగేసింది. బోణీ బేరం. అడగకూడదు. ఆమె ఫోను కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చింది. ముంత కూడా చేతిలో పెట్టింది.

"ఏం లేదు నాయనా, ఒక కోరిక. నీ చెయ్యి ఇంత మంచిది కదా, నలుగురూ చూస్తుండగా ఇంకో ముంత కొనరాదూ? దిష్టి పోతుంది. ధరలో సగమే ఇద్దువుగాని."

సగం ధర అనేసరికి నక్క తోక ఊగింది. వాడికి సగమైనా, మొత్తమైనా, రెట్టింపైనా ఒకటే. అయినా ఆశ అలా ఊగిస్తుంది.

"నీ మాట కాదంటానా?"

"రత్తమ్మా, ఇటు రా! బావా, రండి, సమయానికి వచ్చారు. అందరూ రండి. మన పరంధామం బేరం చేస్తున్నాడు, చూద్దురుగాని."

సంత సగం పోగైంది. పెద్దబ్బాయి ముందుకు వచ్చి నిలబడ్డాడు. తుమ్మచెట్టు మీది కాకి తల తిప్పాడు. పరంధామం ఉత్తరీయం సవరించుకున్నాడు, అందరికీ నమస్కారం పెట్టాడు, గుంజవైపు చూడనైనా చూడకుండా ఫోను ఊపాడు. టింగు.

"వెళ్ళిపోయిందక్కా!"

"ఎక్కడికి వెళ్ళింది?"

నక్క ఉలిక్కిపడ్డాడు. "బోణీ చేసినవాణ్ణి అడుగుతావా? ఆచారం తెలీదూ?"

"బోణీ అయిపోయింది నాయనా. అది కళ్ళకద్దుకున్నాను, అడగలేదు. ఇది రెండో బేరం. రెండో బేరానికి అడగొచ్చు. ఎక్కడికి వెళ్ళింది?"

"నీ బోర్డుకే, ఇంకెక్కడికి?"

సూరమ్మ బల్ల కిందినుంచి గోనెసంచి లాగింది. బోర్డు బయటికి తీసి అందరి ముందు నిలబెట్టింది. తర్వాత కొమ్ముతో గుంజవైపు చూపించింది.

ముందు నవ్వింది రత్తమ్మ. "అయ్యో పరంధామం! చాపకు డబ్బు పంపావా? మా ఇంట్లో చీపురుంది, దానికీ ఇంత పంపు!"

సంతంతా గొల్లుమంది. పరంధామం నవ్వలేదు. "సిగ్నల్... ఈ పల్లంలో..." అంటూ వెనక్కి అడుగు వేశాడు. వెనక పెద్దబ్బాయి కొమ్ములు తగిలాయి.

"ఫోను ఇలా ఇయ్యి," అన్నాడు ఎద్దు. "కోటయ్యా, దిగి రా. నువ్వు చూసి చెప్పు."

కాకి దిగి వచ్చాడు. సూరమ్మ వైపు చూడలేదు. ఫోను ముక్కుతో నాలుగు వైపులా నొక్కి చూశాడు.

"ఇది డబ్బు పంపే యాప్ కాదు పెద్దయ్యా. పంపినట్టు బొమ్మ చూపించే యాప్. అంకె ముందే కొట్టి ఉంచుకుంటాడు. వేలు తగిలిస్తే టింగు, పచ్చ గుర్తు. ఆకాశానికి చూపించినా వెలుగుతుంది. అత్త ఖాతాలోకి వీడినుంచి ఏనాడూ పైసా రాలేదు. ఆ రోజే చెప్పాను. వినలేదు."

నవ్వు ఆగిపోయింది. ఒక్కొక్కరూ తమ తమ కొట్లవైపు పరుగెత్తారు. తవుడు బస్తాల కిందినుంచి, గంపల అడుగునుంచి ఫోన్లు బయటికి వచ్చాయి. రత్తమ్మ తన ఫోను చూసుకుని, "ఎన్ని పొట్లాలు కట్టానో దేవుడా!" అని రెక్కలతో నెత్తి కొట్టుకుంది. అందరిలోకీ అనుమానం ఎక్కువున్న కోడి అది. వాడి చూపునే కాపలా కాసింది గాని, ఫోను సంగతి పట్టించుకోలేదు.

పరంధామాన్ని ఉత్తరీయంతోనే గుంజకు కట్టేశారు. రెండు ముంతలూ లాక్కున్నారు. తిన్నదంతా కక్కేదాకా గుట్టమీదినుంచి ప్రతి కొట్టుకూ కట్టెలు మోయాలని, ఆ తర్వాత ఈ పల్లంలో కాలు పెట్టకూడదని పెద్దబ్బాయి తీర్పు చెప్పాడు. బోర్డు మార్చి ఉంటారని సూరమ్మ చెవిలో వేయకపోయి ఉంటే వాడు ఇంకా ఎన్నాళ్ళు బోణీలు చేసేవాడో. తను పెట్టిన అగ్గి తన తోకకే అంటుకుంది.

జనం పలచబడ్డాక సూరమ్మ కోటయ్య ముందు తల వంచుకుని నిలబడింది.

"తప్పైపోయిందిరా. కొట్టుకు రా."

"వస్తాను. పిల్లలున్నారు కదా, రాక ఎక్కడికి పోతాను?" అన్నాడు కాకి. "ఒక్క మాట చెప్పత్తా. ఎండనకా వాననకా నీతో పనిచేసినవాణ్ణి ఊరి ముందు నిలబెట్టాలనుకున్నావు. నెయ్యి పట్టుకుపోయేవాణ్ణి, 'నా ఫోను చూసుకునేదాకా ఆగవయ్యా' అని ఒక్కసారి ఆపలేకపోయావా?"

సూరమ్మ గోనెసంచి తీసుకుని బల్ల తుడిచింది, తుడిచినచోటే మళ్ళీ తుడిచింది. బోర్డు మాత్రం కోటయ్యే కొక్కేనికి తగిలించాడు.

ఇప్పుడు జువ్విగుంట సంతలో బోణీ నోరారా అడిగే పుచ్చుకుంటారు. కొన్నవాడి ఫోను ఎవరూ ముట్టుకోరు. తమ ఫోను పైకి తీసి, ఖాతాలో పడిందో లేదో చూసి, అప్పుడు దాన్నే కళ్ళకద్దుకుంటారు. సిగ్నల్ రాకపోతే ముంత బల్లమీదే ఉంటుంది, కొన్నవాడు పక్కనే కూర్చుంటాడు. నిజంగా పంపినవాడికి అలా కూర్చోవడం కష్టం కాదు. విసుక్కున్నవాణ్ణి రత్తమ్మ మెడ చాచి మరీ చూస్తుంది.

అనుమానపడటం తప్పు కాదు. పడాల్సినచోట మొహమాటపడి, ఆ అనుమానాన్ని మనవాళ్ళ మీదికి మళ్ళించడమే తప్పు.

సరే, ఇప్పుడు చెప్పు. ఇవాళ పొద్దున బోణీ అయినప్పుడు నువ్వు కళ్ళకద్దుకున్నది ఎవరి ఫోను?