నూకాలవ్వ వేరు బాన

అనగనగా, కోట గోడల దాకా అలల చప్పుడు వినబడే ఒక రాజ్యం. ఆ రాజుగారి కోటలో ఒక ఉప్పునీటి కొలను. అందులో రంగురంగుల సముద్రపు చేపలు. వాటి బాగోగులన్నీ నూకాలవ్వవే.

ఒకప్పుడు మంత్రిగారి బావమరిది చెంచయ్య ఒక కొత్త చేపను తెచ్చింది తెచ్చినట్టే కొలనులో వదిలాడు. దాని ఒంటి మీది తెల్లమచ్చలు మిగతావాటికీ పాకి, సగం కొలను ఖాళీ అయింది. ఇంకోసారి ఇలా జరిగితే కొలను పూడ్పించేస్తానన్నారు రాజుగారు. ఆనాటి నుంచి అవ్వ చెంచయ్యతో మాట్లాడదు.

మళ్ళీ అలా జరక్కూడదని వసారా మూల ఒక పెద్ద బాన పెట్టింది. మురికి కనబడాలని అడుగున ఇసుక వెయ్యలేదు. చేప దాక్కోవడానికి ఓ కుండపెంకు వేసింది. దానికి వేరే వల, వేరే ముంత. రోజూ కొంత నీరు తోడేసి, కొత్త సముద్రపు నీరు వడగట్టి పోసేది. ఎవరు తెచ్చిన చేపైనా సరే, పున్నమి నుంచి పున్నమి దాకా అందులో ఉండవలసిందే.

మొదట ఓడ వర్తకుడు పసుపు చేపను తెచ్చాడు.

"రాణిగారి కానుకని బానలో పెడతావేమవ్వా?"

"రాణిగారు తరవాత చూస్తారులే నాయనా. ముందు నన్ను చూడనీ."

పున్నమి తిరిగింది. చేప శుభ్రంగా ఉంది, కొలనుకు చేరింది.

తరవాత చెంచయ్య నీలి చేపతో వచ్చాడు. అవ్వ నోరు విప్పకుండా బాన వైపు చెయ్యి చూపింది. ఆ చేపా బాగానే ఉంది.

"జబ్బు చేపకి కాదు, ముసలమ్మకే. అనుమానం జబ్బు," అని నవ్వాడు చెంచయ్య.

అవ్వ గోడతో చెప్పింది. "దొంగ రాలేదని తలుపు గడియ పీకేస్తారా ఎవరైనా?"

మూడోసారి అవ్వ కొడుకు పోలయ్య ఎర్రచారల చేపను తెచ్చాడు. రాణిగారి పుట్టినరోజు మర్నాడే.

"నా చేత్తో పట్టానమ్మా. నాదానికీ బానేనా?"

అవ్వ మనసు లాగింది. రేపు రాణిగారు చూస్తే కొడుక్కి ఎంత పేరు! చేప ఉన్న కుండ ఎత్తుకుని కొలను గట్టు దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. 'ఆ రోజు చెంచయ్య కూడా ఇలాగే అనుకుని ఉంటాడు,' అనిపించింది. వెనక్కి తిరిగి చేపను బానలోనే వదిలింది. పోలయ్య మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండానే ఆ చేప మీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు లేచాయి.

అవ్వ ఇంకో బాన తెచ్చింది. జబ్బు పాతనీళ్ళతోనే పోవాలని చేపను ఇందులోంచి అందులోకి మారుస్తూ, ఖాళీ అయినదాన్ని కడిగి ఎండబెట్టేది. దానికి నీళ్ళు చాలా కావాలి. కన్నకొడుకు చేపనీ బానలోనే పెట్టిందని విని, ఒక ఉదయం కావడి కుండలతో చెంచయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"నీళ్ళు ఎక్కడ పొయ్యనవ్వా?"

అవ్వ గోడ వైపు చూడలేదు. అతని వైపే చూసింది.

"ముందు వడగట్టు."

ఆపై పున్నమి దాటాక, మచ్చలన్నీ పోయి, ఎర్రచారల చేప కొలనులో హాయిగా ఈదింది. రాజుగారు పూడ్పించే మాట మళ్ళీ ఎత్తలేదు.

పిల్లలూ, పరాయివాళ్ళకు పెట్టిన కట్టడి తనవాళ్ళకూ పెట్టినప్పుడే అది పదిమందినీ కాస్తుంది.