ఏమీ అడగని సాఫ్ట్‌వేర్

చీపురుపల్లిలో ఫొటో స్టూడియో నడిపే పైడిరాజుకు ఒళ్లంతా తొందరే. కంప్యూటర్ తెర మీద ఏ ప్రశ్న వచ్చినా చదవకుండా ‘సరే’ నొక్కేసేవాడు. మనిషి మంచివాడే. ఫొటోలు బాగా తీసేవాడు. కానీ ఆ తొందర అతని కొంప ముంచింది. అతని కొంపతోనే ఆగినా బాగుండేది.

ఆ స్టూడియోలో ఒక పద్ధతి ఉండేది. ఫంక్షన్ అయ్యాక ఇంటివాళ్లు వచ్చి, కంప్యూటర్‌లో చూసి, ఆల్బమ్‌కు ఫొటోలు ఎంచుకోవాలి. ఆల్బమ్ తయారయ్యేదాకా పైడిరాజు ఒక్క ఫొటో కూడా బయటికి ఇచ్చేవాడు కాదు. అందుకని ఎన్నో ఇళ్ల పెళ్లిళ్లూ పుట్టినరోజులూ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉండేవి.

పెళ్లిళ్ల రోజులు వచ్చాయి. ఊళ్లు తిరిగి తిరిగి మళ్లీ స్టూడియోకి వెళ్లాలంటే అతనికి ప్రాణం ఉసూరుమనేది. ఇంట్లో కూర్చునే ఆ కంప్యూటర్‌లో పని చేసుకునే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుందని ఎవరో చెప్పారు. ఆల్బమ్‌లు డిజైన్ చేసే అతని భార్య పుష్పలత ఓపిగ్గా వెతికి ఒకటి చూసి పెట్టింది.

“ఇది ఉచితమేనండీ. తయారుచేసినవాళ్లెవరో తెలుసు, ఏళ్ల తరబడి చాలామంది వాడుతున్నారు. కాకపోతే పెద్ద పాస్‌వర్డ్ పెట్టాలి. తెరిచిన ప్రతిసారీ ఫోన్‌కి వచ్చే నంబరు కొట్టాలి” అంది.

“ప్రతిసారీనా? నా స్టూడియోలోకి నేను వెళ్లడానికి ఇన్ని ప్రశ్నలా?” అని విసుక్కున్నాడు పైడిరాజు.

అతను ఏదో వీడియో కింద ఇంకొకటి చూశాడు. అదీ ఉచితమే. ఒక్కసారి నొక్కితే చాలు, ఇక ఏమీ అడగదట. ఎక్కించేటప్పుడు మాత్రం కంప్యూటర్‌కు కాపలా కాసే యాంటీవైరస్ ఆపేయమంది. ఆపేశాడు.

“ఎవరిదో తెలియనిది ఎందుకండీ? పోనీ, ఫొటోల కాపీలున్న ఆ హార్డ్ డిస్క్ అయినా తీసి బీరువాలో పెట్టండి” అంది పుష్పలత.

“రోజూ తీయడం, పెట్టడం ఎవడి వల్ల అవుతుంది?” అన్నాడు. డిస్క్ కంప్యూటర్‌కే తగిలించి ఉండిపోయింది. కొన్నాళ్లు పని హాయిగా సాగింది. భార్యను ఆటపట్టించడం కూడా మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లోనే, జూట్ మిల్లులో పనిచేసే ఎర్నాయుడు సైకిల్ మీద వస్తుండగా లారీ గుద్ది చనిపోయాడు. అతని భార్య నూకరత్నం చంకలో పాపతో స్టూడియోకి వచ్చింది. ఆ పాప మొదటి పుట్టినరోజుకు ఫొటోలు తీసింది పైడిరాజే. మిల్లులో సెలవు దొరక్క ఎర్నాయుడు ఫొటోలు ఎంచుకోవడానికి రాలేకపోయాడు. అవి అలాగే కంప్యూటర్‌లో ఉన్నాయి.

“పెద్దకర్మకి ఆయన ఫొటో కావాల బాబూ. పాపని ఎత్తుకుని నవ్వినాడు సూడండి, అది. మా పెళ్లికి ఫొటోలు నేవు. ఆయన ఫోను లారీ కింద నుజ్జయిపోనాది. మీకాడ ఉన్నవే మాకు. రేపు దీనికి నాన్న మొగం తెలాల కదా” అంది.

పైడిరాజు కళ్లు చెమర్చాయి. అప్పుడే కంప్యూటర్ తెరిచి ఇచ్చి ఉంటే సరిపోయేది. కానీ పెళ్లివాళ్ల కారు బయట హారన్ కొడుతోంది. “రేపు రా అమ్మా. ఆల్బమ్ సంగతి వదిలెయ్, అన్నీ ఇచ్చేస్తాను” అని కెమెరా సంచీ భుజాన వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఇంట్లో కూర్చుని స్టూడియో కంప్యూటర్ తెరిచాడు. తెర మీద బాణం గుర్తు దానంతట అదే కదులుతోంది. పుష్ప ముందే స్టూడియోకి వెళ్లిందనుకున్నాడు. ఇంతలో పుష్ప వంటింట్లోంచి కాఫీ తెచ్చింది.

అంటే స్టూడియోలో ఎవరూ లేరు. కళ్ల ముందే ఫొటోల పేర్లు ఒక్కొక్కటే అర్థంకాని అక్షరాలైపోతున్నాయి. బండి మీద పరుగున వెళ్లి కరెంటు వైరు పీకేశాడు. అప్పటికే అంతా అయిపోయింది. ఎవరో ఎక్కడినుంచో, ఆ ఏమీ అడగని సాఫ్ట్‌వేర్ దారినే లోపలికి వచ్చి అన్నిటికీ తాళం వేసేశారు. తగిలించి ఉన్న డిస్క్‌కు కూడా. డబ్బు పంపితే తెరుస్తామన్నారు. పంపాడు. జవాబు రాలేదు. విజయనగరం నుంచి వచ్చిన మెకానిక్ చేతులెత్తేశాడు.

నూకరత్నం వచ్చింది. ఫొటో ఫ్రేమ్ ముందే కొని తెచ్చుకుంది. పైడిరాజు తల వంచుకుని జరిగింది చెప్పాడు.

“ఒక్కటైనా నేదా బాబూ? సగం మొగం కనబడినా సాలు” అంది.

చివరికి ఎర్నాయుడి ఆధార్ కార్డు మీది ఫొటోనే పెద్దది చేసి ఇచ్చాడు. అది మసకమసగ్గా వచ్చింది. ఆ మొహంలో నవ్వు లేదు.

పెద్దకర్మ రోజు పైడిరాజు కూడా వెళ్లి ఒక మూల నిలబడ్డాడు. ఎవరో పాపను ఎత్తుకుని దండ వేసిన ఫొటో ముందుకు తెచ్చి, “నాన్నేడమ్మా, నాన్న?” అని అడిగారు. పాప ఆ ఫొటో వైపు కాసేపు చూసింది. తర్వాత తల తిప్పి, రోజూ తండ్రి వచ్చే గుమ్మం వైపు వేలు చూపించింది. పైడిరాజు అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశాడు.

తర్వాత అతను పుష్పలత చెప్పినదే పెట్టుకున్నాడు. అడిగిన ప్రతి ప్రశ్నా చదివి జవాబిస్తున్నాడు. కానీ ఆ నవ్వు మొహం మాత్రం ఇక ఎవరికీ కనబడదు.

నీతి: ఉచితంగా దొరికిందని, సులువుగా ఉందని, ఎవరిదో తెలియనిదాన్ని లోపలికి రానివ్వకూడదు, ఇతరులు మనల్ని నమ్మి దాచుకున్నది పోతే మన పశ్చాత్తాపం దాన్ని తిరిగి తేలేదు.