గుంపస్వామి ఇంటి కంప్యూటర్ పుస్తకం

గుంపస్వామి ఇంట్లో ముగ్గురూ తెలివైనవాళ్ళే. అడగనవసరం లేదు, వాళ్ళే చెబుతారు. గొడుగు పనిచేస్తుందో లేదోనని వానకి ముందే బిందెడు నీళ్ళు పోసుకుని చూసుకునే జాగ్రత్త వీధిలో ఇంకెవరికుంది?

వాళ్ళ కంప్యూటర్లో అమ్మ పాట ఉంది. పోయే ముందు పాడింది, గుంపస్వామే రికార్డు చేశాడు. రేపు అమ్మ సంవత్సరీకం. ఆ పూట అందరూ కూర్చుని మొదటిసారి విందామని ఏడాదిగా దాచుకున్నాడు.

నెల కిందట మిషను బాగుచేసిన రామ్మూర్తి మంచికే చెప్పాడు. "ఒక పుస్తకం పెట్టండి. దీనికి ఏం జరిగినా రాయండి. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి. పుస్తకానికి ఒక నకలు ఇంటి బయట ఉంచండి."

ఇంకేముంది! "ఏడు గంటలు. ఈగ వాలింది. ఏడుంపావు. ఎగిరిపోయింది." నెలకి నాలుగు పుస్తకాలు నిండాయి. భద్రంగా ఉంటాయని అవన్నీ కంప్యూటర్లోకే ఎక్కించి, కాగితాలు పొయ్యిలో పెట్టారు. నకలు ఇంటి బయట అరుగు మీద ఉంచారు. దాన్ని గేదె తినేసింది.

ఇవాళ మధ్యాహ్నం మిషనులోంచి పొగ వచ్చింది. గుంపస్వామి కొత్త పుస్తకం తీశాడు. "మూడు గంటలు. పొగ. మూడూ ఐదు. నల్లపొగ."

"ప్లగ్గు పీకీమంటావా?" అంది భార్య పైడితల్లి.

"ఆయన రాయమన్నాడే గానీ, పీకమన్లేదు కదే!"

అదృష్టం, కరెంటు పోయింది. అంతే, తమ్ముడు నూకయ్య మిషను నెత్తిన పెట్టుకున్నాడు, పైడితల్లి గేదెని తోలుకుంది. ముగ్గురూ రామ్మూర్తి కొట్టుకి నడిచారు.

"గేదె ఎందుకు?"

"నకలు ఇందులోనే ఉందండి."

రామ్మూర్తి మిషను విప్పాడు. కాలిన ముక్క మార్చాడు. తెర వెలిగింది. "పాస్‌వర్డ్?"

ముగ్గురూ నోళ్ళు నొక్కుకున్నారు. గుంపస్వామి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తెలుసండి. కానీ ఎవరికీ చెప్పొద్దన్నారు కదండి. అమ్మ పాట పోయినట్టేనా బాబూ?"

"నాకు చెప్పకండి మహాప్రభో! మీరే కొట్టండి," అని రామ్మూర్తి గోడవైపు తిరిగాడు.

తెరుచుకుంది. పాట ఉంది! రేపటిదాకా ఆగలేక గుంపస్వామి అక్కడే పెట్టాడు. అమ్మ దగ్గింది. తర్వాత ఆమె గొంతు. "ఒరే గుంపా, ముందు అది ఆపరా. మంచినీళ్ళు తాగి పాడతాను."

గుంపస్వామి టక్కున ఆపేశాడు.

"ఆపారేంటండీ! ఇంకా ఐదు నిమిషాలుంది, పాటంతా ఆ తర్వాతే ఉంది!"

"అమ్మ ఆపమంది కదండి. ఆ రోజు నాకు ఆపడం రాలేదు. పాపం, ఎంత బాధపడిందో." అతను కళ్ళు తుడుచుకుని పుస్తకం తీశాడు. "ఐదు గంటలు. అమ్మ ఆపమంది. ఆపాం."

నూకయ్య గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి కంప్యూటర్లో పోశాడు.